ఆగని ఇంజిన్‌తో ఎమ్మిగనూరు కారు

"పత్తి మార్కెట్ కాడ నిలబెట్టినా ఇంజిన్ ఆగడం ల్యాదన్నా!" ఎమ్మిగనూరు చీరల వ్యాపారి ఆదోనిలోని మా షెడ్డుకు కారు తెచ్చాడు. ఎండ మండుతోంది, ఏసీ ఫుల్లు. క్యాబిన్ చల్లబడకపోయినా, సీటుబెల్టు పెట్టకపోయినా, బండి నిలబడగానే ఇంజిన్‌ను దానంతటదే ఆపే ఆటో స్టార్ట్-స్టాప్ పనిచేయకపోవచ్చు. అది జబ్బు కాదు.

ఏసీ తగ్గించి నడిపినా ఆగలేదు. బానెట్ ఎత్తితే దొరికింది: ఎవరో చవగ్గా మామూలు బ్యాటరీ బిగించారు. మాటిమాటికీ స్టార్టయ్యే బండికి ఈఎఫ్‌బీ గానీ ఏజీఎం గానీ రకం బ్యాటరీ ఉండాలి. చాలా కార్లలో బ్యాటరీ నెగటివ్ టెర్మినల్‌కు చిన్న సెన్సరు ఉంటుంది, చార్జి లెక్క దానిదే. అందుకే ఇంకో బ్యాటరీతో స్టార్ట్ చేసేటప్పుడు జంపర్ కేబుల్ నల్ల క్లిప్పు అక్కడ కాదు, బాడీ ఎర్త్‌కు తగిలించాలి. మనోళ్లు వినరు!

కొత్త బ్యాటరీ వేశాక కొన్ని కార్లకు స్కానర్‌తో నమోదు కూడా చేయించాలి. కొనేముందు మాన్యువల్‌లో ఏ రకం రాసుందో చూసుకోండి.