పత్తి అమ్మినా, కారంపొడి అమ్మినా: జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఎవరికి అవసరం?

పత్తి కాంటా అయ్యాక చేతికిచ్చే తక్‌పట్టీని చివరిదాకా చదువుతున్నారా? కాటారం చుట్టుపక్కల పత్తి, మిర్చి, వరి పండించి అమ్మే ప్రతి రైతూ జీఎస్టీ గురించి కొన్ని విషయాలు తెలుసుకోవాలి. తెలియకపోతే అమ్మేటప్పుడూ కొనేటప్పుడూ నష్టం మనకే.

పండించిన పంటకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు

సొంతంగా గానీ, ఇంటివాళ్లతో గానీ, దగ్గరుండి కూలీలతో గానీ సాగు చేసే వ్యక్తి తన పంటను అమ్ముకోవడానికి రిజిస్ట్రేషన్ తీసుకోనక్కర్లేదు. కేంద్ర జీఎస్టీ చట్టం 23వ సెక్షన్ ఈ మినహాయింపు ఇచ్చింది. అమ్మకం ఎన్ని లక్షలైనా ఇదే వర్తిస్తుంది. భూమి సొంతదై ఉండాలన్న షరతు లేదు కాబట్టి కౌలు రైతుకూ అంతే.

పత్తి మీద పన్ను కొన్నవాళ్లదే

పత్తి మీద 5 శాతం జీఎస్టీ ఉన్న మాట నిజమే. అయితే రైతు దగ్గర రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారి గానీ, జిన్నింగ్ మిల్లు గానీ కొంటే ఆ పన్ను కొన్నవాళ్లే కట్టాలి. దీన్ని రివర్స్ చార్జ్ అంటారు. 2017 నవంబరు నుంచి ఈ పద్ధతి అమల్లో ఉంది. అలా కట్టినదాన్ని వాళ్లు తమ అమ్మకాల పన్నులో తగ్గించుకోవచ్చు.

క్వింటాలు రూ.7,000 చొప్పున 20 క్వింటాళ్లు అమ్మారనుకుందాం. మొత్తం రూ.1,40,000. అందులో 5 శాతం కోస్తే రూ.7,000, అంటే ఒక క్వింటాలు పత్తి ఊరికే పోయినట్టు. తక్‌పట్టీలో జీఎస్టీ పేరుతో కోత కనిపిస్తే అక్కడే అడగండి. మార్కెట్ యార్డులో అయితే మార్కెట్ కమిటీ అధికారులకు చూపించండి.

కొనేటప్పుడు

రిజిస్ట్రేషన్ లేని రైతుకు కట్టిన జీఎస్టీ తిరిగి రాదు. అది పెట్టుబడిలో కలిసిపోతుంది. కాబట్టి రేట్లు తెలిసి ఉండాలి. విత్తనాలకు పన్ను లేదు. ఎరువులకు 5 శాతం, రసాయన పురుగుమందులకు 18 శాతం. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్లు, డ్రిప్, స్ప్రింక్లర్ల మీద పన్ను 12 నుంచి 5 శాతానికి తగ్గింది. పన్ను కాక రూ.7 లక్షలున్న ట్రాక్టరుకు అప్పట్లో రూ.84,000 పన్ను పడేది, ఇప్పుడు రూ.35,000.

మందు డబ్బా మీది ఎమ్మార్పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి. దానిపైన మళ్లీ జీఎస్టీ అంటే ఒప్పుకోవద్దు. బిల్లు తప్పక తీసుకోండి.

వ్యాపారం మొదలుపెడితే

రైతులు సంఘంగా కలిసి మిర్చి కొని, కారంపొడి పట్టించి అమ్మితే అది వ్యాపారం. రైతు మినహాయింపు సంఘానికి వర్తించదు. తెలంగాణలో ఏడాది అమ్మకాలు రూ.20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. పక్క రాష్ట్రాల్లో సరుకులకు రూ.40 లక్షల పరిమితి ఉందని విని పొరబడవద్దు. కాళేశ్వరం వంతెన దాటి మహారాష్ట్రలోని సిరొంచలో కారంపొడి అమ్మాలంటే రూ.20 లక్షల లోపైనా రిజిస్ట్రేషన్ ఉండాలి.

అప్పుడు ధర ఎలా పెట్టాలి? కిలో కారంపొడికి ఖర్చు రూ.250 అనుకుందాం. అందులో కవర్లు, మిషను వగైరా మీద కట్టిన జీఎస్టీ రూ.4.

- రిజిస్ట్రేషన్ లేకుండా రూ.300కు అమ్మితే మిగిలేది రూ.50.
- రిజిస్ట్రేషన్ తీసుకుని, ఇళ్లవాళ్లకు అదే రూ.300కు అమ్మితే అందులోంచే 5 శాతం లెక్కన సుమారు రూ.14 పన్ను పోతుంది. కట్టిన రూ.4 తిరిగి జమ అవుతుంది. మిగిలేది సుమారు రూ.40.
- రిజిస్ట్రేషన్ ఉన్న హోల్‌సేల్ వ్యాపారికి రూ.300, జీఎస్టీ రూ.15 వేరుగా వేసి అమ్మితే మిగిలేది రూ.54. ఆ రూ.15ను అతను తన పన్నులో తగ్గించుకుంటాడు కాబట్టి అతనికీ బరువు కాదు.

కాబట్టి రూ.20 లక్షల లోపు ఉండి, రాష్ట్రంలోనే ఇళ్లవాళ్లకు అమ్మే సంఘం తొందరపడి రిజిస్ట్రేషన్ తీసుకుంటే లాభం తగ్గుతుంది. పెద్ద వ్యాపారులకు అమ్మే సంఘానికి అదే రిజిస్ట్రేషన్ మేలు చేస్తుంది. మీ సరుకు ఎవరు కొంటున్నారో ముందు చూసుకోండి.

గుర్తుంచుకోండి

- రిజిస్ట్రేషన్ లేకుండా బిల్లులో జీఎస్టీ వసూలు చేయడం నేరం. కనీసం రూ.10,000 జరిమానా పడుతుంది.
- ట్రాక్టరుతో ఇతరుల పొలం దున్నినా, కోత మిషను కిరాయికి తిప్పినా ఆ కిరాయికి జీఎస్టీ లేదు. అదే ట్రాక్టరుతో ఇసుక తోలితే ఈ మినహాయింపు రాదు.
- రిజిస్ట్రేషన్ తీసుకున్నాక అమ్మకం లేకపోయినా రిటర్నులు వేయాలి. ఆలస్యమైతే రుసుము పడుతుంది.
- తక్‌పట్టీలు, ఎరువులు, మందుల బిల్లులు సీజను వారీగా ఒకచోట దాచుకోండి.