చీకటి పడని నదిపై 715 కిలోమీటర్లు

కెనడా వాయవ్య మూలన, అలాస్కాకు ఆనుకుని, యూకాన్ నది పారుతుంది. ఏటా జూన్‌లో వైట్‌హార్స్ నుంచి డాసన్ సిటీ దాకా దాని మీద కెనూలు, కయాక్‌లు పోటీపడతాయి. దూరం 715 కిలోమీటర్లు. త్ర్యంబకం నుంచి సముద్రం దాకా మన గోదావరి 1,465 కిలోమీటర్లు కదా! అందులో దాదాపు సగం దూరాన్ని చేతి తెడ్డుతోనే దాటాలన్నమాట. 1999లో మొదలైన ఈ పోటీ పేరు యూకాన్ రివర్ క్వెస్ట్.

పడవల పోటీయే అయినా మొదలయ్యేది నేల మీద! అందరూ నదీతీరపు పార్కులో బారులు తీరి, సంకేతం రాగానే తమ పడవల దగ్గరికి పరుగు తీస్తారు.

ఈ దారి పందెం కోసం పుట్టింది కాదు. 1896లో డాసన్ దగ్గరి వాగులో బంగారం దొరికింది. ఆ కబురు విని వేలమంది మంచు కనుమలు ఎక్కారు. ఏడాదికి సరిపడా తిండీ సామానూ, అంటే దాదాపు టన్ను బరువు, వెంట లేనివాళ్లను కెనడా పోలీసులు సరిహద్దు దాటనివ్వలేదు. ఆ బరువును విడతలు విడతలుగా మోసుకొచ్చి, బెన్నెట్ సరస్సు ఒడ్డున చెట్లు నరికి పడవలు కట్టుకున్నారు. 1898 మే నెలాఖరున మంచు కరగగానే ఏడు వేలకు పైగా పడవలు ఒక్కసారిగా డాసన్ వైపు కదిలాయి. తీరా చేరేసరికి మంచి చోట్లన్నీ ముందే వచ్చినవాళ్ల పాలయ్యాయి. ఇప్పటి పోటీదారులు సాగేది ఆ నీటి బాటలోనే.

నది తోసుకుపోతుంటే కష్టమేముంది అనిపించవచ్చు. బయల్దేరిన కొద్ది గంటలకే లబార్జ్ సరస్సు వస్తుంది. పొడవు దాదాపు 50 కిలోమీటర్లు. అక్కడ ప్రవాహపు సాయం ఉండదు, ప్రతి గజమూ భుజబలంతో సంపాదించుకోవలసిందే. గాలి లేస్తే అలలు పడవలోకి దూకుతాయి. జూన్ మొదట్లో కూడా ఇంకా మంచు తేలే ఏళ్లున్నాయి. అలాంటి నీళ్లలో పడ్డవాడికి ఈత ఎంత వచ్చినా చలితో ఒళ్లు కొంకర్లు పోతుంది. అందుకే లైఫ్ జాకెట్, పొడి బట్టలు, గుడారం, అదనపు తెడ్డు తప్పనిసరి. కండబలం కన్నా ఈ జాగ్రత్తలే ఇక్కడ ప్రాణాన్ని కాస్తాయి.

సరస్సు దాటాక అసలు విద్య మొదలవుతుంది. నది వంపు తిరిగినచోట వెలుపలి ఒడ్డు వైపు నీరు లోతుగా, వడిగా ఉంటుంది. లోపలి వైపు ఇసుక మేట వేసి లోతు తక్కువగా, నెమ్మదిగా ఉంటుంది. లోతు లేని నీళ్లలో ఎంత తెడ్డు వేసినా పడవను ఎవరో వెనక్కి లాగుతున్నట్టే ఉంటుంది. పైగా దారంతా లంకలు. ఏ పాయలోకి తిరగాలో దూరం నుంచే పసిగట్టాలి. బలమైన జట్టును నీటివాలు తెలిసిన జట్టు దాటిపోయేది ఇలాంటి చోట్లే. నా లెక్కలో ఈ పోటీకి అందమంతా ఇదే.

ఫైవ్ ఫింగర్ రాపిడ్స్ దగ్గర నాలుగు బండరాతి స్తంభాలు నదిని అయిదు పాయలుగా చీలుస్తాయి. పడవలకు కుడి పాయే దారి. ఒకప్పటి ఆవిరి ఓడలైతే ఏటికి ఎదురెక్కలేక ఇక్కడ ఇనుప తాడు పట్టుకుని పైకి పాకేవి.

నది పాడుతుందని మీకు తెలుసా? దిగువన వైట్ రివర్ వచ్చి కలుస్తుంది. అది హిమానీనదాల ఒండ్రునీ, పాత అగ్నిపర్వతపు బూడిదనీ మోసుకొస్తుంది. అక్కడి నుంచి యూకాన్ నీళ్లు మురికి బూడిద రంగు. ఆ సన్నని రేణువులు పడవ అడుగును రాసుకుంటూ పోతుంటే ‘స్‌స్‌స్’ అని ఎడతెగని సవ్వడి వినిపిస్తుంది. నీటి రంగు చూసి లోతు చెప్పడం ఇక కుదరదు.

ఇక నిద్ర సంగతి. పోటీ జరిగే రోజుల్లో డాసన్‌లో సూర్యుడు అర్ధరాత్రి దాటాక గానీ అస్తమించడు, అస్తమించినా సంధ్య వెలుగు పోదు. కాబట్టి పోటీ రాత్రీపగలూ సాగుతుంది. కార్‌మాక్స్ దగ్గర 7 గంటలు, దిగువన మరో మజిలీలో 3 గంటలు తప్పనిసరి విశ్రాంతి. అది చాలదు. నిమిషానికి 60 సార్ల చొప్పున 45 గంటలు తెడ్డు వేస్తే లక్షా 62 వేల సార్లు! నిద్ర లేక రెండో రాత్రికి కొండరాళ్లలో మనుషుల ముఖాలు కనిపిస్తాయి, ఒడ్డున లేని ఇళ్లు లేస్తాయి. ఈ అనుభవం చెప్పిన పోటీదారులు ఎందరో. జంటగా వెళ్లినవాళ్లు ఒకరినొకరు మాటల్లో పెట్టుకుని లాక్కొస్తారు. ఒంటరి కయాక్‌వాళ్లకు ఆ ఆసరా కూడా లేదు. అందుకే గెలిచినవాళ్లకన్నా, చివరగా డాసన్ చేరే ఆ ఒంటరివాళ్ల మీదే నాకు గౌరవం ఎక్కువ.

ఇదీ చాలదన్నవాళ్లకు యూకాన్ 1000 ఉంది. అదే వైట్‌హార్స్ నుంచి అలాస్కాలోని డాల్టన్ హైవే వంతెన దాకా వెయ్యి మైళ్లు, అంటే సుమారు 1,600 కిలోమీటర్లు. ఒడ్డున సహాయక బృందాలు ఉండవు, తిండీ గుడారమూ పడవలోనే.

రివర్ క్వెస్ట్ పడవలకు ఉపగ్రహ ట్రాకర్లు కడతారు, పోటీ రోజుల్లో వాటి కదలికలు ఇంటర్నెట్‌లో మ్యాప్ మీద కనిపిస్తాయి. వచ్చే జూన్‌లో ఆ మ్యాప్ తెరిచి, ఎవరు ఏ పాయ పట్టారో మీరే చూడండి.