మీకు తెలుసా? ‘సారీ’కి మూలం నొప్పి

మనం రోజూ వాడే ‘సారీ’ అనే మాట క్షమాపణగా పుట్టలేదు. పాత ఇంగ్లిష్‌లో గాయాన్ని, నొప్పిని ‘సార్’ అనేవారు. దాని నుంచి వచ్చిన ‘సారిగ్’ అంటే బాధతో ఉన్నవాడని అర్థం. గొంతునొప్పిని ‘సోర్ థ్రోట్’ అంటాం కదా, ఆ సోర్ దీనికి తోబుట్టువు. దుఃఖమనే అర్థమున్న ‘సారో’ మాత్రం వేరే ధాతువు నుంచి వచ్చింది.

సారీకి మూలం బాధే కాబట్టి, ఇంగ్లిష్‌వాళ్లు ఎవరైనా పోయారని వింటే, తమ తప్పేమీ లేకున్నా సారీ అంటారు. అది ఓదార్పు. మాట వినబడనప్పుడు ‘సారీ?’ అంటే మళ్లీ చెప్పమని.

సారీ అంటే తప్పు ఒప్పుకున్నట్టేనా అన్న సందేహం తీర్చడానికి కెనడాలోని ఒంటారియో 2009లో చట్టమే చేసింది. దాని ప్రకారం సివిల్ కేసుల్లో సారీ చెప్పినంత మాత్రాన తప్పు ఒప్పుకున్నట్టు కాదు. రోగి కుటుంబంతో డాక్టరు భయం లేకుండా మాట్లాడాలంటే ఇలాంటి రక్షణ ఎంతో అవసరం.

ప్రభుత్వాల నోట కూడా ఈ మాటకు బరువుంది. తల్లిదండ్రుల నుంచి బలవంతంగా విడదీసిన ఆదివాసీ పిల్లల తరాలకు ఆస్ట్రేలియా ప్రధాని కెవిన్ రడ్ 2008 ఫిబ్రవరి 13న పార్లమెంటులో సారీ చెప్పారు. జలియన్‌వాలాబాగ్ మారణకాండ విషయంలో బ్రిటన్ ప్రధాని థెరిసా మే 2019లో ‘రిగ్రెట్’ (విచారం) అనే మాట దగ్గరే ఆగిపోయారు.