హార్డ్‌డిస్క్ బోర్డు కాలిందా? పాతది పారేయకున్రి!

పోయిన ఎండకాలం పెండ్లి వీడియోలు తీసే అన్న ఒకాయన మా దుకాణానికి ఒక పెద్ద హార్డ్‌డిస్క్ పట్టుకొని వచ్చిండు. నాలుగేండ్ల పని మొత్తం దాంట్లనే ఉన్నది. పెండ్లిళ్లు, పుట్టువెంట్రుకలు, బోనాలు, దినాలు అన్నీ. విడిగా కొన్న డబ్బాల బిగించుకున్న మామూలు డిస్క్ అది. కరెంటు పోవుడు, వచ్చుడు మధ్యల హడావిడిగ డిస్క్ అడాప్టర్ అనుకొని ల్యాప్‌టాప్ చార్జర్ పిన్ను గుచ్చిండు. రెండిటి పిన్నులు ఒక్కతీరుగనే ఉన్నయి. కానీ డిస్క్‌కు కావాల్సింది 12 ఓల్టులు, ఆ చార్జర్ ఇచ్చేది 19. టప్పుమని సప్పుడైంది, కాలిన వాసనొచ్చింది, గంతే.

ఆన్‌లైన్‌ల వెతికి అచ్చం అదే తీరు బోర్డు తెప్పించి తనే బిగించుకున్నడు. డిస్క్ తిరిగింది. తిరిగింది కానీ "టిక్.. టిక్.. టిక్.." అనుకుంట ఆగిపోయింది. ఇగ నాలుగేండ్ల పని గంగల కలిసినట్టే అనుకున్నడు. ఆయన బాధ పైసల గురించి కాదు. ఒక ఇంటోళ్ల పెండ్లి వీడియో ఇంకా ఇయ్యలేదు. పెండ్లైన రెండు నెలలకే పిల్ల తండ్రి కాలం చేసిండు. ఆయన నవ్వంగ, మాట్లాడంగ తీసిన వీడియో గదొక్కటే. ఆ ఇంటోళ్లు దినాం ఫోన్ చేస్తున్నరు.

"అన్నా, పాత బోర్డు ఉన్నదా?" అని అడిగిన. "ఒక షాపాయన కాలిన బోర్డు ఇగ దేనికక్కరొస్తది, పారేయ్ అన్నడు తమ్మీ. ఎందుకో సంచిల ఏసుకున్న" అన్నడు. ఆ సంచిల ఏసుకున్నదే ఆయనను కాపాడింది. ఈ ముచ్చట రాసేది అందుకే.

ఒకప్పుడు నడిచింది, ఇప్పుడు నడ్వది

బోర్డు అంటే మోటరు స్టార్టర్ అసొంటిది, కాలితే ఇంకొకటి తెచ్చి పెడితే అయిపోతది అని చానమంది అనుకుంటరు. 20, 25 ఏండ్ల కిందటి డిస్క్‌లల్ల చాన వాటికి ఇది నిజమే ఉండె. ఒక మాడల్ బోర్డు తీసి అదే మాడల్‌కు పెడితే నడిచేది. అప్పటి నుంచే ఈ మాట నోటి నుంచి నోటికి పాకింది. యూట్యూబ్‌ల ఇప్పటికీ కొందరు గదే చెప్తరు. కానీ డిస్క్‌లు మారినయి.

లోపల ఏముంటదో చూడున్రి. అద్దం లెక్క మెరిసే పళ్లేలు నిమిషానికి 5400 సార్లో 7200 సార్లో తిరుగుతయి. వాటి మీద హెడ్డులు గాలిల తేలుకుంట రాస్తయి, చదువుతయి. పళ్లేనికి, హెడ్డుకు నడుమ సందు ఎంతంటే, మనిషి వెంట్రుక మందాన్ని పదివేల ముక్కలు చేస్తే అండ్ల ఒక్క ముక్కంత. డిస్క్ మూత తియ్యొద్దు అని చెప్పేది గిందుకే. మనకు కంటికి కనవడని దుమ్ము కూడ ఆ సందుకు బండరాయి లెక్క.

గింత సన్నపు పనిల ఏ రెండు హెడ్డులు ఒక్కతీరు ఉండయి. ఒకే కంపెనీల, ఒకే రోజు పుట్టినా తేడా ఉంటది. రాసే భాగానికి, చదివే భాగానికి మధ్య దూరం జరంత అటు ఇటు అయితది. హెడ్డు ఎత్తును సరిచేయనీకి దాంట్ల చిన్న హీటర్ ఉంటది, దానికి ఎంత కరెంటు ఇయ్యాల్నో ఒక్కొక్కదానికి ఒక్కొక్క లెక్క. ఏ హెడ్డు వాడాలె, ఏది వాడొద్దు అన్నది కూడ డిస్క్ డిస్క్‌కు మారొచ్చు. అందుకే ఫ్యాక్టరీల ప్రతి డిస్క్‌ను గంటల తరబడి తిప్పి, పరీక్ష పెట్టి, దాని లెక్కలు దానికి రాసి పెడ్తరు.

ఆ లెక్కలు ఏడ పెడ్తరు అన్నదే అసలు ముచ్చట. ఎక్కువ భాగం పళ్లేల మీదనే, మనకు కనవడని జాగల ఉంటది. దాన్ని సర్వీస్ ఏరియా అంటరు. మరి ఆ జాగను చదవాలన్నా హెడ్డును నడిపే లెక్క కావాలె కదా! ఇంటి తాళంచెవి ఇంట్లనే పెట్టి తాళమేస్తే లోపలికి ఎట్ల పోతం? అందుకే ఆ మొదటి తాళంచెవిని బయట, బోర్డు మీద పెట్టిన్రు. కందిగింజంత ఉండి ఎనిమిది కాళ్లున్న చిన్న చిప్పు అది. రామ్ కాదు, రోమ్. డబ్ల్యూడీ బోర్డుల మీద చానసార్లు దాని పక్కన యూ12 అని అచ్చేసి ఉంటది. కొన్ని కొన్ని కిలోబైట్లలనే అయిపోతయి, కొన్నిట్ల మెగాబైట్ల దాకా ఉంటది. సైజు చిన్నదే. కానీ అది లేకుంటే మీ రెండు టీబీల డిస్క్ ఇనుప ముక్క.

ఇగ స్విచ్చేసినప్పుడు జరిగేది ఇది. బోర్డు మీది ప్రాసెసర్ ముందుగాల ఆ చిప్పును చదువుతది. మోటరును తిప్పుతది. హెడ్డులను పళ్లేల మీదికి తెస్తది. చిప్పుల ఉన్న లెక్కలతోని సర్వీస్ ఏరియాను చదివి, మిగిలిన ఫర్మ్‌వేర్‌ను పైకి తెచ్చుకుంటది. అప్పుడు గాని కంప్యూటర్‌కు "నేను ఫలానా డిస్క్‌ను, నాల గింత జాగ ఉన్నది" అని చెప్పదు.

వేరే డిస్క్ బోర్డు పెడితే ఏమైతది? ఆ చిప్పుల ఎవలియో లెక్కలు ఉంటయి. హెడ్డు సర్వీస్ ఏరియా కాడికి పోతది, అక్షరం ముక్క చదవలేదు, ఎనకకు వచ్చి మల్ల పోతది. అన్నకు వినిపించిన టిక్ టిక్ అదే. డిస్క్ లోపల చెడిపోయిందని కాదు, తాళంచెవి తప్పని. కొన్నిసార్లు టిక్ టిక్ రాదు, డిస్క్ పేరు వేరేగ కనిపిస్తది, లేకుంటే సైజు సున్నా చూపిస్తది. ఈ స్థితిల "ఇంకోసారి చూద్దాం, ఇంకోసారి చూద్దాం" అని స్విచ్చు ఏసుకుంట కూసుంటే లోపల నిజంగనే దెబ్బ తగలొచ్చు. ఆ పరాయి లెక్కలతోని డిస్క్ సర్వీస్ ఏరియాల ఏమన్న రాసిందంటే ఇంకా మోపైతది.

చేతి పని

బోర్డు మార్చే ముందు ఒకటి చూడాలె. కరెంటు దెబ్బ తగిలినప్పుడు చానసార్లు బోర్డు మొత్తం కాలదు. పవర్ వచ్చే కాడ టీవీఎస్ డయోడ్ అని ఒకటుంటది. ఓల్టేజీ ఎక్కువొస్తే తను షార్టయి మిగిలినవాటిని కాపాడేదే దాని పని. పెద్ద డిస్క్‌లకు 12 ఓల్టుల దారికొకటి, 5 ఓల్టుల దారికొకటి ఉంటయి. ల్యాప్‌టాప్ సైజు చిన్న డిస్క్‌లకు 5 ఓల్టులదే. మల్టీమీటర్ పెట్టి చూస్తే షార్టయింది బీప్ అంటది. దాన్ని ఊడదీస్తే చాలు, డిస్క్ నడిచే అవకాశం ఉన్నది. కొత్త బోర్డే అక్కర లేదు. కాకపోతే ఇప్పుడు కావలి లేని చేను అది. నడిచిందని మురిసిపోక జల్ది కాపీ తీసుకోవాలె.

అన్న డిస్క్‌ల డయోడుతోని ఆగలేదు. మోటరు చిప్పుకు నడుమ నల్లగ బొక్క పడ్డది. బోర్డు మార్చక తప్పదు.

దొరికిన బోర్డు సరైనదేనా అన్నది స్టిక్కర్ మీది మాడల్ చూసి చెప్పొద్దు. బోర్డు మీదనే అచ్చేసిన నంబరు కలవాలె. డబ్ల్యూడీదైతే 2060తోని మొదలైతది, సీగేట్‌ది చానసార్లు 100తోని. అన్న అదృష్టం, నంబరు కలిసింది.

తర్వాత చిప్పు మార్చుడు. మొబైల్ రిపేరు చేసే పోరగాండ్లకు ఇది కొత్త పని కాదు. హాట్ ఎయిర్, ఫ్లక్స్, ట్వీజర్ మీ బల్ల మీదనే ఉంటయి. చుట్టుపక్కల భాగాలకు వేడి తగలకుంట కాప్టన్ టేపు అతికించి, కాలిన బోర్డు మీది చిప్పును మెల్లగ లేపాలె. గుంజొద్దు, సీసం కరిగినంక అదే లేస్తది. కాలు ఇరిగితే పంచాయితీ. చిప్పు మీద చిన్న చుక్క ఉంటది, అది ఒకటో కాలు గుర్తు. లేపే ముందు ఫోన్‌ల ఫోటో తీసుకోవాలె. తిరగేసి పెడితే కాలిపోతది. కొత్త బోర్డు మీది చిప్పును కూడ ఇట్లనే తీసి పక్కకు పెట్టాలె.

ఇక్కడ ఆగున్రి. తీసిన పాత చిప్పును వెంటనే కొత్త బోర్డుకు అతికియ్యకున్రి. ముందు ప్రోగ్రామర్‌ల పెట్టి చదివి కాపీ దాచుకోవాలె. సీహెచ్341ఏ అని చిన్నది కొన్ని వందల రూపాయలకు వస్తది. రెండుసార్లు చదివి, రెండు ఫైళ్లు అచ్చం ఒక్కతీరు ఉన్నయా చూడాలె. తేడా ఉంటే పిన్నులు సరిగ్గ అంటలేదన్నట్టు. ఆ నల్ల రంగు ప్రోగ్రామర్ల ఒక లోపం ఉన్నది. చిప్పుకు 3.3 ఓల్టులే ఇస్తది గాని, డేటా తీగల మీద 5 ఓల్టులు వస్తయి. చాన చిప్పులు తట్టుకుంటయి. కొత్తగ వస్తున్న 1.8 ఓల్టుల చిప్పులు తట్టుకోవు. చిప్పు మీది నంబరు చదివి, డేటాషీట్ చూసినంకనే చెయ్యి పెట్టున్రి.

కొన్ని బోర్డుల మీద ఎనిమిది కాళ్ల చిప్పు జాగ ఖాళీగ ఉంటది. అండ్ల రోమ్ పెద్ద ప్రాసెసర్ లోపలనే ఉంటది. అది మన హాట్ ఎయిర్‌తోని అయ్యే పని కాదు.

బోర్డు బిగించే ముందు ఇంకో చిన్న పని. బోర్డు ఎనకదిక్కు, డిస్క్ లోపలి తీగలకు ఆనే పూత ముక్కలు ఏండ్లకు నల్లబడతయి. పెన్సిల్ రబ్బరుతోని మెల్లగ రుద్దితే మెరుస్తయి. ఎన్నోసార్లు బోర్డు బాగనే ఉండి, ఈ మురికి వల్లనే డిస్క్ సతాయిస్తది. నాకైతే ఒకసారి ఈ రబ్బరు ఒక్కటే మొత్తం రిపేరు అయింది. పైసలు తీసుకోనీకి సిగ్గయింది.

అప్పటికీ లేవకుంటే

చిప్పు మార్చినంక టిక్ టిక్ ఆగింది గాని డిస్క్ లోపలిది చూపిస్తలేదంటే, లొల్లి సర్వీస్ ఏరియాల ఉన్నట్టు. అండ్ల పళ్లేల మీద చెడిపోయిన జాగల జాబితాలు ఉంటయి. ఫ్యాక్టరీల దొరికినవి ఒకదాంట్ల, తర్వాత చెడినవి ఇంకొకదాంట్ల. వాటి ఆధారంగ, కంప్యూటర్ అడిగే నంబరు పళ్లెం మీద ఏడ ఉన్నదో చెప్పే లెక్క ఒకటుంటది, ట్రాన్స్‌లేటర్ అంటరు. పహాణీల సర్వే నంబరుకు, నేల మీది హద్దుకు ఉన్న సంబంధం అసొంటిది. పహాణీ చినిగితే భూమి ఏడికి పోదు, కానీ ఎవలిది ఏడనో తెల్వదు.

దీనికి పెద్ద ఉదాహరణ 2009 జనవరిల జరిగింది. సీగేట్ బర్రాకుడా 7200.11 డిస్క్‌లు కొన్ని రాత్రికి బాగుండి, తెల్లారి స్విచ్చేస్తే కనిపియ్యలేదు. బోర్డు కాలలేదు, హెడ్డు పోలేదు. ఫర్మ్‌వేర్‌ల ఉన్న తప్పు వల్ల డిస్క్ తననే తను బిగించుకున్నది. కంపెనీ తప్పు ఒప్పుకొని కొత్త ఫర్మ్‌వేర్ ఇచ్చింది, బిగుసుకుపోయిన డిస్క్‌లల్ల డేటా ఉచితంగ తీసిస్తమని చెప్పింది. ఈ లోపట లోకమంత ఉన్న పోరగాండ్లు చిన్న సీరియల్ కేబుల్ పెట్టి, డిస్క్‌తోని నేరుగ మాట్లాడి, కమాండ్లు కొట్టి బాగు చేసుకున్నరు. చూసినంక మనకూ చెయ్యాలనిపిస్తది. నాకూ అనిపించింది.

కానీ ఆ కమాండ్లు ఆ మాడల్‌వి, ఆ రోగానివి. ట్రాన్స్‌లేటర్‌ను మల్ల రాసే కమాండు అండ్ల ఉన్నది. వేరే డిస్క్‌ల దాన్ని కొడితే పాత జాబితా పోయి, సర్వే నంబర్లన్నీ జరిగిపోతయి. ఆ తర్వాత పెద్ద ల్యాబుకు పోయినా కష్టమే. ఈడనే ఆగాలె. పీసీ3000 అసొంటి మిషన్లున్నోళ్ల కాడికి పోవాలె, అవి లక్షల్ల ఉంటయి. నా చేతి నుంచి కాదు అని కస్టమర్‌తోని చెప్పుడు నామోషీ కాదు. కాదని తెలిసి కూడ ఇంకో ప్రయత్నం చేసుడే తప్పు.

ఇంకో రకం గురించి కూడ చెప్పాలె. నేరుగ యూఎస్‌బీ పెట్టుకునే కొన్ని డిస్క్‌లల్ల, మీరు పాస్‌వర్డ్ పెట్టకున్నా డేటా గుట్టు భాషల రాసి ఉంటది. ఆ గుట్టు ఇప్పే పని బోర్డు మీది ఇంకో చిప్పుది. వాటికి ఈ వైద్యం ఒక్కటే సరిపోదు. ఎస్ఎస్‌డీల ముచ్చట మొత్తానికే వేరు.

నా కోపమల్ల ఒక్కటే. చాన షాపులల్ల బోర్డు మార్చినంక పాతది డబ్బాల పడేస్తరు. ఏం మార్చిన్రో చెప్పరు, అడిగితే "నీకు తెల్వది" అంటరు. పాత బోర్డు మీది, అడిగి తీసుకోవాలె. రిపేరు నేర్చుకునే తమ్ముళ్లు, చెల్లెండ్లు కూడ అలవాటు చేసుకోవాలె. పాత బోర్డును కవర్ల పెట్టి, డిస్క్ సీరియల్ నంబరు రాసి కస్టమర్ చేతికియ్యాలె. రోమ్ ఫైలు కూడ పెన్‌డ్రైవ్‌ల ఏసియ్యాలె. దానికి అయ్యే ఖర్చు రెండు రూపాయల కవరు.

అన్న డిస్క్ చిప్పు మార్చినంక మొదటి తిరుగుడుకే లేచింది. విండోస్ పెట్టలేదు. అది ఫార్మాట్ చేయాల్నా అని అడుగుతది, చెక్‌డిస్క్ నడుపుతనంటది, రెండూ వద్దు. యూఎస్‌బీ డబ్బాల కాకుండ నేరుగ సాటా తీగకు పెట్టి, లైనక్స్‌ల డీడీరెస్క్యూతోని ఇంకో డిస్క్‌కు కాపీ పెట్టిన. అది ముందు బాగున్న జాగలు తీసుకొని, సతాయించే జాగలకు ఆఖరుకు మల్ల వస్తది. మధ్యల కరెంటు పోయినా ఆగిన కాడి నుంచే మొదలు పెడతది, మన ఊర్లకు గది మస్తు అక్కర. రాత్రంత నడిచింది. పొద్దుగాల అన్న వచ్చి ముందు ఆ పెండ్లి ఫోల్డరే తెరిచిండు. అప్పగింతల కాడ బిడ్డ తల మీద చెయ్యి పెట్టి నిలబడ్డడు ఆ పెద్దమనిషి. అన్న వీడియో మొత్తం చూడలేదు, పెన్‌డ్రైవ్‌ల ఏసుకొని సీదా ఆ ఇంటికే పోయిండు.