స్మార్ట్ తాళం ‘ఆఫ్‌లైన్’ అంటే: లోపం ఎక్కడుందో కనుక్కోవడం

గాజువాకలో మీరు ఉంటున్న ఫ్లాటు తలుపుకు స్మార్ట్ తాళం ఉందనుకోండి. స్టీల్ ప్లాంట్‌లో రాత్రి డ్యూటీ దిగి వచ్చేసరికి ఫోన్‌లోని యాప్ ‘తాళం ఆఫ్‌లైన్‌లో ఉంది’ అని చూపింది. తాళం పాడైందని దీని అర్థం కాదు. వైఫై తాళంలో సంకేతం తాళం నుంచి ఇంట్లోని రూటర్‌కు, అక్కడి నుంచి ఇంటర్నెట్ సర్వర్‌కు, చివరకు మీ ఫోన్‌కు చేరుతుంది. ఈ దారి ఎక్కడ తెగినా యాప్ చూపే మాట సాధారణంగా ఇదే. కాబట్టి తాళం దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్క అంచె పరీక్షించాలి.

ముందు కీప్యాడ్‌పై పిన్ నొక్కండి. చాలా తాళాల్లో పిన్, వేలిముద్ర తాళంలోనే నిల్వ ఉంటాయి. వాటికి ఇంటర్నెట్ అక్కరలేదు. కీప్యాడ్ అసలు వెలగకపోతే బ్యాటరీని అనుమానించండి. ఆల్కలైన్ సెల్ 1.5 వోల్టులు, రీచార్జ్ సెల్ 1.2 వోల్టులు. అంటే నాలుగు సెల్స్‌కు 6 వోల్టుల బదులు 4.8 వోల్టులే వస్తాయి. అందుకే నిండుగా చార్జ్ చేసిన సెల్స్‌ను కూడా కొన్ని తాళాలు అయిపోయినవిగా చూపిస్తాయి. సముద్రపు ఉప్పుగాలికి సెల్స్ తాకే రేకులు తుప్పు పట్టాయేమో కూడా చూడండి.

తలుపు తెరుచుకుంటే తర్వాతి అంచె రూటర్. మొబైల్ డేటా ఆపి, వైఫై మీద ఏదైనా పేజీ తెరవండి. (డేటా ఆపడం చాలామంది మరిచిపోతారు, అప్పుడు పరీక్షే తప్పుతుంది.) పేజీ రాకపోతే లోపం రూటర్‌లోనో బయటి లైన్‌లోనో ఉంది. పేజీ వచ్చినా తాళం కలవకపోతే పాస్‌వర్డ్ ఈమధ్య మార్చారేమో గుర్తు తెచ్చుకోండి. ఎక్కువ తాళాలు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైనే అందుకుంటాయి. మీ ఫోన్ 5 గిగాహెర్ట్జ్‌పై నడుస్తుండవచ్చు. ఇక ఇనుప తలుపు, ఉక్కు దోమతెర సంగతి. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 12.5 సెంటీమీటర్లు. మిల్లీమీటర్ల సందులున్న లోహపు తెర దాన్ని చాలావరకు ఆపేస్తుంది. అలాంటప్పుడు రూటర్‌ను తలుపు వైపు జరపండి.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను తర్వాత విశాఖలో అనేక ప్రాంతాలకు రోజుల తరబడి కరెంటు, ఫోన్ సిగ్నల్ లేవు. అలాంటి రోజుల్లో యాప్ పనికిరాదు. పిన్, మామూలు తాళంచెవి పనికొస్తాయి. ఆ తాళంచెవిని మాత్రం ఇంట్లో బీరువాలో పెట్టకండి, నమ్మకమైన వాళ్ళ దగ్గర ఉంచండి.

ఫ్యాక్టరీ రీసెట్ చిట్టచివరి మార్గం. అది పిన్‌లను, వేలిముద్రలను చెరిపేస్తుంది. కొన్ని తాళాలు 123456 వంటి అందరికీ తెలిసిన పిన్‌కు తిరిగి వెళతాయి. అందువల్ల తలుపు తెరిచి ఉంచి రీసెట్ చేయండి, కొత్త పిన్ పెట్టాకే మూయండి.