నీళ్లను అంటీ ముట్టనట్టు

చెరువు మీదికి పలచటి పెంకును ఏటవాలుగా విసిరితే వెంటనే మునగదు, కప్పగంతులు వేసుకుంటూ పోతుంది. హైడ్రోప్లేన్ పడవ కిటుకు ఇంచుమించు అదే. మామూలు పడవ నీళ్లను చీల్చుకుంటూ వెళ్తుంది. ఇది వేగం అందుకోగానే పైకి లేచి మూడే చోట్ల ఆనుతుంది: ముందు రెండు పక్కలా పొడుచుకొచ్చిన తేలుడు భాగాల (స్పాన్సన్ల) అడుగులు, వెనక ప్రొపెల్లర్. ఆ ప్రొపెల్లర్ కూడా సగమే నీళ్లలో ఉంటుంది. ఈ కిటుకుతోనే 1950 జూన్ 26న సియాటిల్‌లోని లేక్ వాషింగ్టన్ మీద స్లో-మో-షన్ 4 అనే పడవ గంటకు 160.323 మైళ్ల రికార్డు కొట్టింది. అంటే 258 కిలోమీటర్లు. ఆ ఊరికి నేటికీ ఈ పడవలంటే పిచ్చి. మన సాఫ్ట్‌వేర్ వాళ్లు బోలెడంత మంది ఉండే బెల్‌వ్యూ ఆ సరస్సు ఒడ్డునే ఉంది.

అసలు పడవలను ఎనిమిదో వంతుకో పదో వంతుకో కుదించి, రిమోట్‌తో పందేలు ఆడేవాళ్లున్నారు. ముప్పై అడుగుల పడవ ఎనిమిదో వంతంటే దాదాపు నాలుగడుగులు. కొత్తవాళ్లు దాని జోలికి పోకపోవడం మంచిది. రెండు, రెండున్నర అడుగుల ఎలక్ట్రిక్ పడవ రెడీమేడ్‌గా దొరుకుతుంది, ముందు దాంతో చెయ్యి తిరగాలి.

నేర్చుకోవాల్సింది వేగం కాదు, బరువు. బ్యాటరీని వేలెడు వెనక్కి జరిపితే చాలు, ముక్కు లేచి అడుగున గాలి దూరుతుంది, పడవ గాలిపటంలా వెల్లకిలా పడుతుంది. మరీ ముందుకు జరిపితే ముక్కుతో నీళ్లను తవ్వుతుంది. మాన్యువల్‌లో చెప్పిన చోట రెండు పక్కలా వేళ్ల మీద ఎత్తి చూడండి. పడవ సమంగా నిలిచినప్పుడు బ్యాటరీ ఎక్కడుందో మార్కర్‌తో గీత గీసుకోండి.

ఇంకో సంగతి. అసలు పడవలు పందెంలో ఎడమకు తిరుగుతాయి, ఈ నమూనాలు కుడికి. వీటి కుడి స్పాన్సన్ పక్కన ఒక రేకు ఉంటుంది. మలుపులో పడవ జారిపోకుండా నీళ్లలో కరుచుకుని పట్టుకునేది అదే. జోరు మీద ఎడమకు కోశారో, ఆ రేకే కాలడ్డం పెట్టినట్టు పడవను బోల్తా కొట్టిస్తుంది.

బోల్తా పడకుండా మాత్రం ఎవరి పడవా ఉండదు. అందుకే చెరువు కన్నా ముందు బాత్‌టబ్బు. మూత చుట్టూ టేపు అంటించి, లోపల బ్యాటరీ ఉంచి, తిరగేసి వదలండి. తేలకపోతే ఖాళీల్లో ఫోమ్ ముక్కలు కూరండి. మొదటి రోజు టేపు సంగతి మరిచిన నేను, చెరువు మధ్యలో ఆగిపోయిన పడవను లాగడానికి టెన్నిస్ బంతికి గాలపు దారం కట్టి గంటసేపు విసురుతూ కూర్చున్నాను. ఈదుకుంటూ మాత్రం వెళ్లకండి.

ముందు రిమోట్ ఆన్ చేయాలి, తర్వాతే పడవ. ఆపేటప్పుడు ముందు పడవ. ప్రొపెల్లర్ అంచు బ్లేడులా ఉంటుంది కాబట్టి బ్యాటరీ కలిపాక వేళ్లు అటు పోనివ్వకండి. పడవ పరుగెత్తేటప్పుడు సన్నటి ధారలా పక్క రంధ్రంలోంచి నీళ్లు పడుతున్నాయో లేదో గమనించండి. లోపలి కరెంటు సరంజామాను చల్లబరిచేది ఆ నీళ్లే, ధార ఆగితే పడవ ఒడ్డుకు రావాల్సిందే. వీటిలో వాడే లైపో బ్యాటరీ ఒక్కో సెల్లు నిండితే 4.2 వోల్టులు, దాచేటప్పుడు 3.8 దగ్గర ఉంచాలి.

ఇంటికొచ్చాక మోటారు నుంచి ప్రొపెల్లర్ దాకా పోయే తీగ షాఫ్టును బయటికి లాగి, గుడ్డతో తుడిచి, గ్రీజు పూసి మళ్లీ దూర్చాలి. బద్ధకిస్తే వచ్చే ఆదివారానికి తుప్పు పట్టి ఉంటుంది.