మార్క్‌డౌన్‌లో కోడ్ రాస్తే గుర్తులు మాయమవుతున్నాయా?

2004లో జాన్ గ్రూబర్ తెచ్చిన మార్క్‌డౌన్‌లో రెండు నక్షత్రం గుర్తుల మధ్య రాసింది వాలుగా కనిపిస్తుంది. అందుకే 5*6*7 అని రాస్తే తెరపై 567 అని వస్తుంది. గుణకారం గుర్తులే పోయాయి! చూసి రాసుకున్నవాళ్ల లెక్క తప్పినట్టే.

దీనికి మందు బ్యాక్‌టిక్. మామూలు కీబోర్డులో 1 అంకెకు ఎడమపక్కనే ఉంటుంది. `5*6*7` అని రెండు వైపులా పెడితే లోపలి గుర్తులు ఉన్నవి ఉన్నట్టే వస్తాయి.

మరి కోడ్‌లోనే బ్యాక్‌టిక్ ఉంటే? మైఎస్‌క్యూఎల్‌లో టేబుల్ పేర్లకు అది వాడతారు కదా. దాని ముందు బ్యాక్‌స్లాష్ పెట్టినా లాభం లేదు, కోడ్ లోపల అదీ మామూలు గుర్తే. బయట రెండేసి బ్యాక్‌టిక్‌లు పెట్టి, లోపల అటూ ఇటూ ఒక్కో ఖాళీ వదలండి: `` `ధరలు` ``. ఆ ఖాళీలు తెరపై కనిపించవు.

ఎవరికైనా పంపేముందు ప్రివ్యూ ఒకసారి చూసుకోండి.